పాఠశాలయే పెట్టనికోట: శ్రీ ఠక్కర్ బాపా జీవితము

పాఠశాల యనగా అక్షరములు నేర్పు స్థలమని సామాన్యముగా మన మనుకొందుము. పలకయు, పుస్తకమును, ఉపాధ్యాయుడును ఉన్నచో విద్యాలయము పూర్ణమైనదని తలంతుము. కాని ఆకలిచే సొమ్మసిల్లిన బాలునికి అక్షరము కనబడదు. తండ్రి చేసిన అప్పునకై షావుకారు పశువులను కాయుచున్న బాలునికి బడిగంట వినబడదు. జ్వరముతో మూలుగుచు, కట్ట బట్ట లేక ఇంటనుండి వెలికి రాజాలని బాలికకు సరస్వతీ ప్రసన్నత యెట్లు కలుగును? విద్యకు ముందు రక్షణము కావలెను. ఈ సత్యమును గ్రంథపఠనముచే గాక, చెత్తబండ్ల వెంట నడచియు, క్షామపీడిత గ్రామములు తిరిగియు, ఉక్కు కర్మాగారపు నీడలో కార్మికుల గుడిసెలను దర్శించియు నేర్చుకొనిన ధన్యజీవి శ్రీ అమృతలాల్ విఠల్‌దాస్ ఠక్కర్. గుజరాతీ భాషలో బాపా యనగా తండ్రి. తన కన్నబిడ్డను పసితనముననే పోగొట్టుకొనిన యీ మహనీయుని, దిక్కులేని బిడ్డలకు దిక్కైన కారణమున, దేశమంతయు ఠక్కర్ బాపా యని పిలిచినది.

జననము, ఉద్యోగము

అమృతలాల్ 1869వ సంవత్సరము నవంబరు 29వ తేదీన సౌరాష్ట్రమునందలి భావనగరమున, సామాన్యమగు లోహాణా కుటుంబమున జన్మించిరి. తండ్రి విఠల్‌దాస్ ధనవంతుడు కాడు; ఐనను పరుల కష్టమును తన కష్టముగా నెంచు స్వభావము గలవాడు. ఇంటిలోని లేమియు, తండ్రిలోని దయయు బాలుని మనస్సున నాటుకొనినవి. అమృతలాల్ చదువున చురుకైనవాడగుటచే పూనా ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1890లో పట్టము నందెను. పిదప కాఠియావాడు సంస్థానములలో రైలుదారుల నిర్మాణమునందును, 1900 ప్రాంతమున తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా రైల్వేయందును, అటుపై సాంగ్లీ సంస్థానమునందును ఇంజనీరుగా పనిచేసెను. చేతికి మచ్చ యంటని ఉద్యోగియని ఎల్లయెడల పేరు వడసెను.

గృహస్థజీవితము మాత్రము ఆయనకు సుఖము నీయలేదు. కుమారుడు బాల్యముననే గతించెను. భార్యయు మరణించెను. పెద్దల బలవంతమున జరిగిన రెండవ వివాహమును నిలువలేదు; ఆ యిల్లాలును కొలది కాలములోనే కన్నుమూసెను. శోకము కొందరిని లోకమునుండి విముఖులను చేయును. కొందరిని లోకమునకు మరింత చేరువ చేయును. అమృతలాల్ రెండవ కోవకు చెందినవాడు.

బొంబాయి చెత్తబండ్లు

సాంగ్లీనుండి ఆయన బొంబాయి పురపాలక సంఘమున ఉద్యోగమునకు వచ్చెను. నగరమందలి చెత్తను కుర్లా ప్రాంతమునకు మోసికొనిపోవు చిన్న రైలుమార్గము ఆయన అధీనమున నుండెను. ఇంజనీరునకు కావలసినది పట్టాలును, బండ్లును, లెక్కలును మాత్రమే. ఆ బండ్ల నెత్తి దింపు మనుష్యుల సంగతి ఆయన ఉద్యోగపత్రములో లేదు. ఐనను ఆయన దృష్టి బండ్లపై నిలువక మనుష్యులపై నిలిచెను. పాకీవారు చెత్తకుప్పల నడుమనే కాపురము చేయుచుండిరి. జీతము చేతికి వచ్చిన దినముననే వడ్డీవ్యాపారి గుమ్మమున కూర్చుండెడివాడు. వారి బిడ్డలు ఆ కుప్పలలోనే పుట్టి, ఆ కుప్పలలోనే ఆడి, ఆ చీపురునే చేతబట్టుచుండిరి. ఏ బడియు వారిని రానిచ్చెడిది కాదు.

ఆ కాలమున అణగారిన జాతుల విద్యకై విఠల్ రాంజీ షిండే మహాశయుడు పాటుపడుచుండెను. గోపాలకృష్ణ గోఖలే 1905లో పూనాయందు స్థాపించిన భారత సేవక సమాజమువారి పరిచయమును అమృతలాలునకు లభించెను. తండ్రి జీవించియున్నంతవరకు ఆయన మనస్సు నొప్పింపక, ఆయన గతించిన పిదప, 1914 ఫిబ్రవరిలో అమృతలాల్ ఇరువదేండ్లకు పైబడిన ఉద్యోగమును త్యజించి ఆ సమాజమున చేరెను. అప్పటికి ఆయనకు 44 సంవత్సరములు. పలువురు విశ్రాంతిని గూర్చి ఆలోచింప మొదలిడు వయస్సున ఆయన నిజమైన జీవితము నారంభించెను.

మొదటి పని పాకీవారికే చేసెను. వారిని అప్పులబారినుండి తప్పించుటకు సహకార పరపతి సంఘములు నెలకొల్పి, వారి బిడ్డలకు బడి తెరచెను. ఈ రెండు పనులు ఒకటిగా సాగుట గమనింపదగినది. తండ్రి అప్పు తీరనిదే బిడ్డ బడిలో నిలువడు. ఈ పాఠమును ఆయన జీవితాంతము మరువలేదు.

1915లో గాంధీమహాత్ముడు అహమ్మదాబాదు చెంత కొచ్రబునందు ఆశ్రమము స్థాపించిన కొలది మాసములకే ఆయనకు అమృతలాల్ నుండి ఒక లేఖ వచ్చెను. బొంబాయిలో ఉపాధ్యాయుడుగా నుండిన దూదాభాయి యను అంత్యజుని కుటుంబమును ఆశ్రమమున చేర్చుకొందురా యని అందు ప్రశ్న. దూదాభాయి, భార్య దానీబెన్, తప్పటడుగుల పసిపిల్ల లక్ష్మి ఆశ్రమమునకు వచ్చిరి. ఇరుగుపొరుగు బావికడ నీటికి అడ్డుపడిరి. ధనసహాయము చేయువారు చేయి ముడిచిరి. ఐనను గాంధీజీ వెనుకంజ వేయలేదు. అనంతరము లక్ష్మిని ఆయన తన కుమార్తెగా స్వీకరించెను. ఒక బిడ్డకు నీడ చూపవలెనని వ్రాసిన చిన్న లేఖ ఒక మహాసంస్థకే పరీక్షయైనది.

జంషెడ్‌పూరున

1917లోను, 1918 ఆరంభమునను ఖేడాజిల్లా రైతుల పంటనష్టమును విచారించిన పిదప, బొంబాయి రాష్ట్రమున నిర్బంధ ప్రాథమికవిద్యకై విఠల్‌భాయి పటేలు తెచ్చిన శాసనమునకు ఠక్కర్ తోడ్పడిరి. ఆ శాసనము 1918లో అమలునకు వచ్చెను. ఆ తరువాతనే సమాజము ఆయనను జంషెడ్‌పూరునకు పంపెను. టాటా ఉక్కు కర్మాగారపు కార్మికుల సంక్షేమకార్యమున పాల్గొనుట అక్కడి కర్తవ్యము.

నేడు ఝార్ఖండ్ రాష్ట్రమున చేరియున్న ఆ నగరము అప్పుడు శైశవావస్థలో నుండెను. సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమముకడ సాక్చీ యను కుగ్రామపు పరిసరములలో 1907లో స్థాపితమైన ఉక్కు కంపెనీ తన కర్మాగారమును నిర్మించెను; 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు అచ్చట పోతపోయబడెను. మొదటి ప్రపంచయుద్ధమున మెసపొటేమియాకు రైలుపట్టాలు అచ్చటినుండియే పోయెను. ఆ కృతజ్ఞతచే 1919 జనవరిలో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు, జంషెడ్జీ టాటా పేరిట ఆ పట్టణమునకు జంషెడ్‌పూరని నామకరణము చేసెను. 1911 జనగణనలో ఆరువేలకు లోపుగా నున్న ప్రజ 1921 నాటికి 57 వేలైనది. పదేండ్లలో పదింతలైన ఊరున ఇండ్లు, నీరు, మురుగుకాలువలు, బడులు జనముతో సరితూగ గలవా? సింగభూమి అడవులనుండి హో, సంతాల, భూమిజ జాతులవారును, దూరప్రాంతములనుండి బెంగాలీలు, ఒరియావారు, పంజాబీలు, మన తెలుగువారును కూలికై అచ్చటికి చేరిరి. ఉత్తరాంధ్ర పల్లెలనుండి పోయినవారి సంతతి నేటికిని ఆ నగరమున తెలుగు పలుకుచు జీవించుచున్నది.

గ్రామమున తల్లి పొలమునకు పోయినను బిడ్డను చూచుటకు అవ్వ యుండును, చెట్టునీడ యుండును, పదిమంది బంధువు లుందురు. పారిశ్రామిక నగరమున ఆ యాసరా లన్నియు తెగిపోవును. తండ్రి కొలిమికడ, తల్లి రేజాపనిలో ఇటుకలు మోయుచు నుండగా, బిడ్డను కాచువా రెవ్వరు? నాటి కర్మాగార శాసనము తొమ్మిదేండ్ల బిడ్డకే పనిలో ప్రవేశము నొసగుచుండెను. 1922లో గాని ఆ వయస్సు పండ్రెండునకు పెరుగలేదు. కార్మికుల క్షేమమును గూర్చి సలహా యిచ్చుటకు కంపెనీవారు ఇంగ్లండునందలి సిడ్నీ వెబ్ దంపతుల వంటి ప్రసిద్ధులను కోరియుండిరి. విదేశపండితుల యోచనయు, స్వదేశసేవకుని కాలినడకయు రెండును అచ్చట కలిసినవి.

జంషెడ్‌పూరున గడపిన కాలము కొలదిదియే. 1920లో ఒరిస్సాలోని పురీమండలమున క్షామము తాండవించుటచే ఆయన అచ్చటికి పోయిరి. ఐనను ఆ నగరము కన్నులయెదుట నిలిపిన ప్రశ్న చిన్నది కాదు. అడవిని నమ్ముకొనిన జాతి అడవి చేజారినప్పుడు, దాని బిడ్డ ఏ నీడకు చేరవలెను? ఆయన ఉత్తరజీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానముగా సాగినది.

దాహోద్ ఆశ్రమములు

1921–22లో గుజరాతునందలి పంచమహల్ మండలమును కరవు పీడించెను. అక్కడి భిల్లుల స్థితిని చూచిన ఠక్కర్ హృదయము ద్రవించెను. షావుకారు వడ్డీ ఒకవైపు, అధికారుల వెట్టిచాకిరి ఒకవైపు, కల్లుసారాయి దుకాణము మరియొకవైపు ఆ జాతిని నలిపివేయుచుండెను. కరవు తీరగానే సహాయశిబిరములు మూతపడును. కాని ఈ మూడు పీడలును మూతపడవు. కావున తాత్కాలిక దానముతో తృప్తినొందక, 1922లో దాహోద్ కేంద్రముగా భిల్ సేవా మండలమును ఆయన స్థాపించిరి. 20 సంవత్సరములు సేవచేసెదమని దీక్షబూనిన కార్యకర్తలు ఆయన చుట్టు చేరిరి. వారిలో లక్ష్మీదాస్ శ్రీకాంత్ ముఖ్యుడు.

మీరాఖేడీ, జేసావాడ మున్నగు గ్రామములలో నడచినవి ఆశ్రమపాఠశాలలు. దీని స్వరూపము సులభమైనది. బాలుడు బడియందే నివసించును. అన్నము, వస్త్రము, ఔషధము అచ్చటనే లభించును. తెల్లవారుజామున ప్రార్థన; పిదప తోటపని, నూలువడకుట, చదువు. ఉపాధ్యాయుడు గంట మ్రోగగానే ఇంటికి పోవు ఉద్యోగి కాడు. బిడ్డలతోడనే భుజించి, బిడ్డల నడుమనే నిద్రించు పెద్దదిక్కు. బిడ్డకు జ్వరము వచ్చినచో మేల్కొని యుండవలసినవా డాతడే.

మొదట తలిదండ్రులు బిడ్డలను పంపుటకు జంకిరి. పశువులను ఎవరు కాతురు? చిన్నబిడ్డను ఎవరెత్తుకొందురు? పేదవాని యింట ఎనిమిదేండ్ల బాలుడును ఒక కూలియే. ఠక్కర్ వారిని నిందింపలేదు. బడితోపాటు వైద్యశాలయు, సహకార సంఘమును, వెట్టిచాకిరిపై అర్జీలును సాగించిరి. తండ్రికి షావుకారు భయము తగ్గినకొలది బిడ్డ బడికి వచ్చుట పెరిగెను. బొంబాయి చెత్తకుప్పల కడ నేర్చిన పాఠము దాహోద్ అడవులలో ఫలించెను. నేడు ఆంధ్ర, తెలంగాణములలో గిరిజన సంక్షేమశాఖలు నడుపుచున్న ఆశ్రమపాఠశాలల పేరును, పద్ధతియు ఈ ప్రయత్నమునకు ఋణపడియున్నవి.

హరిజనసేవ

1932 సెప్టెంబరున పూనా ఒడంబడిక జరిగిన పిదప హరిజన సేవక సంఘము వెలసెను. ఘనశ్యామదాస్ బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ ప్రధానకార్యదర్శి. 1933 నవంబరు మొదలు 1934 జూలై వరకు గాంధీజీ గావించిన హరిజనయాత్రకు ఏర్పాట్లు చూచినవారిలో ఆయనయే ముఖ్యుడు. ఆ యాత్ర 12,500 మైళ్ళు సాగెను. సుమారు 8 లక్షల రూపాయలు వసూలయ్యెను. 1933 డిసెంబరునను, 1934 జనవరిలోను ఆ యాత్ర మన ఆంధ్రదేశమునను జరిగినది. స్త్రీలు మెడలోని నగలు తీసి యిచ్చిరి. ఆ ధనము బడులకు, వసతిగృహములకు, విద్యార్థివేతనములకు, మంచినీటి బావులకు వినియోగమయ్యెను. ఠక్కర్ పైసపైసకు లెక్క వ్రాయుచు, మూడవతరగతి పెట్టెలో ప్రయాణము చేయుచుండిరి. బిడ్డల పేరిట వచ్చిన ధనము దేవుని సొమ్మని ఆయన భావము. మద్రాసు త్యాగరాయనగరమందలి ఠక్కర్ బాపా విద్యాలయము నేటికిని ఆ సేవకు గుర్తుగా నున్నది.

ఒక వివాదము

మహాత్ముల జీవితములను వ్రాయునప్పుడు వారిని గూర్చిన ఆక్షేపణలను దాచుట న్యాయము కాదు. గోండులు, బైగాల నడుమ నివసించిన వెరియర్ ఎల్విన్ ఠక్కర్ పద్ధతిని శంకించెను. బిడ్డను తల్లిదండ్రులనుండి వేరుచేసి, పరాయి ఆహారనియమములను, పరాయి పాటలను నేర్పినచో, ఆ బిడ్డ తనవారి నృత్యమును, భాషను, ఆనందమును మరచి, తన యింటిలోనే అతిథియగునని ఆయన భయము. వారిని తమ ప్రాంతములలో తమ రీతిని బ్రతుకనిండని ఆయన వాదించెను. ఠక్కర్ 1941లో పూనాయందు ఆదిమజాతుల సమస్యనుగూర్చి ప్రసంగించుచు, వేరుగా నుంచుట వారిని షావుకారునకును, గుత్తదారునకును అప్పగించుటయే యగునని సమాధాన మిచ్చిరి.

ఈ వాదమున ఎవరిది సత్యము? ఇద్దరును బిడ్డల శ్రేయమునే కోరిరి. ఎల్విన్ హెచ్చరికను త్రోసివేయరాదు. మాతృభాషను అవమానించు బడి బిడ్డకు మేలు చేయదు. ఠక్కర్ ఆందోళనయు నిరాధారము కాదు. జంషెడ్‌పూరును చూచిన కన్నులకు అడవి ఇక కోట కాజాలదని తెలిసియుండెను. రైలుపట్టాయు, గనియు, గుత్తయు వచ్చిన నేలపై బిడ్డకు మరియొక కోట కావలెను. ఆ కోటకు గోడ లెంత అవసరమో, తల్లిదండ్రులు వచ్చిపోవు ద్వారమును అంత యవసరము. ఈ రెండవ పాఠమును మనము ఎల్విన్ నుండి గ్రహింపవలెను.

చివరి సంవత్సరములు

వృద్ధాప్యమున ఆయన వేగము తగ్గలేదు. 1944లో కస్తూర్బా స్మారకనిధికి కార్యదర్శియై గ్రామీణ స్త్రీశిశు సంక్షేమమునకు పాటుపడిరి. 1946లో గాంధీజీ వెంట నౌఖాలీకి పోయిరి. రాజ్యాంగ నిర్ణయసభ ఆయనను 1947లో అస్సాము తప్ప తక్కిన రాష్ట్రములందలి ఆదిమజాతి ప్రాంతముల ఉపసంఘమునకు అధ్యక్షునిగా నియమించెను. ఛోటానాగపురపు ముండా నాయకుడు జయపాల్ సింగు అందొక సభ్యుడు. 77 ఏండ్ల వయస్సున ఠక్కర్ దేశము తిరిగి నివేదిక సమర్పించిరి. 1948 అక్టోబరున రాజేంద్రప్రసాదుగారి అధ్యక్షతన భారతీయ ఆదిమజాతి సేవక సంఘమును నెలకొల్పిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లలోపు బిడ్డను కర్మాగారములలోను, గనులలోను పనికి పెట్టరాదని శాసించెను. బలహీనవర్గముల విద్యను రాజ్యము ప్రత్యేకశ్రద్ధతో పెంపొందింపవలెనని ఆదేశించెను. ఆ యేడు షెడ్యూల్డు కులముల, తెగల తొలి కమిషనరుగా నియమితుడైనవాడు దాహోద్ ఆశ్రమముల శ్రీకాంతే. 1951 జనవరి 20వ తేదీన ఠక్కర్ బాపా భావనగరమున దేహము చాలించిరి.

నేటి కర్తవ్యము

ఆయన గతించిన పిదప శాసనములు పెక్కు వచ్చినవి. 1936లో దొరాబ్జీ టాటా పేరిట బొంబాయిలో ప్రారంభమైన సమాజసేవా విద్యాలయమే నేటి టాటా సమాజశాస్త్ర సంస్థ. ఆపదలోనున్న బిడ్డలకై 1098 సంఖ్యతో దూరవాణిసేవ 1996లో అచ్చటినుండి పుట్టినది. 2001 నవంబరున సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వ బడులలో వండిన మధ్యాహ్నభోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించి, బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు ఉండవలెనని చెప్పినది. 2012 చట్టము ప్రకారము, బిడ్డపై లైంగికదౌర్జన్యము జరిగినదని తెలిసియు తెలుపకుండుట నేరము. బడి గౌరవము చెడునని మౌనము వహించు పెద్దలు దీనిని మరువరాదు.

కాని శాసనము వ్రాతయే. దానికి ప్రాణము పోయువాడు మనుష్యుడు. ఆశ్రమపాఠశాలలోని బిడ్డ జ్వరముతో మూలుగు రాత్రి చట్టపుస్తకము లేచి రాదు. లేచి రావలసినవాడు ఉపాధ్యాయుడు. రెండు దినములు బడికి రాని బిడ్డ యింటికి నడచిపోవలసినది రిజిస్టరు కాదు. పళ్ళెములో పడిన అన్నము తినదగినదా యని ముందుగా రుచి చూడవలసినది పర్యవేక్షణపత్రము కాదు. బిడ్డ మౌనముగా కూర్చున్నచో ఏల యని అడుగువాడొకడు ఉండవలెను. చెప్పినదానిని నమ్మువాడొకడు ఉండవలెను. ఠక్కర్ బాపా జీవితము నేర్పునది యింతే.

సేవకు తీర్థయాత్ర లక్కరలేదు. మన వీధిలోని బడిగుమ్మమున నిలిచి, లోపలికి రాని బిడ్డ యెవరని ఒక్కసారి లెక్కించిన చాలును. ఆ బిడ్డ యింటికి వేయు మొదటి యడుగే పూజ. ఒక ఇంజనీరు ఉద్యోగపత్రములో లేని మనుష్యులను చూడ నారంభించిన నాడు ఆయన జీవితము మారినది; వేలకొలది బిడ్డల జీవితమును మారినది. అట్టి చూపు మనకును కలుగు గాక.